ప్రోలయ వేమారెడ్డి

ప్రోలయ వేమారెడ్డి (పాలనా కాలం: క్రీ.శ. 1325 - 1353) కాకతీయ సామ్రాజ్యం పతనమైన తరువాత తీరాంధ్రంలో స్వతంత్ర రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన రాజు. గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్న అద్దంకి ఆయన రాజధాని. కవిత్రయంలో మూడవవాడైన ఎఱ్ఱాప్రగడ ఆయన ఆస్థానకవి. యుద్ధాలు, అగ్రహార దానాలు, కోటల నిర్మాణం ఆ కాలపు రాజులందరి చరిత్రలోనూ కనిపిస్తాయి. వేమారెడ్డిని వారినుండి వేరుచేసి చూపించేది మరొక పని ఉంది. నల్లమల అడవులలో శ్రీశైలానికి, అహోబిలానికి కాలినడకన వెళ్ళే యాత్రికుల కోసం ఆయన రాతిమెట్ల దారులు కట్టించాడు. శ్రీశైలం కాలిబాటలో ఆయన పేరు మీదనే చెప్పుకొనే మెట్ల మీదుగా శివరాత్రికి, ఉగాదికి నేటికీ వేలమంది నడుస్తున్నారు.

నేపథ్యం

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ (తరువాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్) ఓరుగల్లు కోటను పట్టుకొన్నాడు. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి తరలింపబడుతూ దారిలో నర్మదా తీరంలో మరణించాడు. ఒక్క రాజు పోవడంతో ఆ రాజ్యంలోని ఏర్పాట్లన్నీ చెదిరిపోయాయి. ఆలయాలకు, అగ్రహారాలకు, సత్రాలకు, చెరువులకు ఇచ్చిన మాన్యాల మీద వచ్చే ఆదాయమే ఆనాడు ప్రజల ఉమ్మడి అవసరాలను నడిపించేది. మాన్యం పోతే సత్రంలో వంట ఆగిపోతుంది, చెరువుకట్టకు మట్టి పోసేవారు ఉండరు, అడవిదారిలో పొదలు కొట్టేవారూ ఉండరు.

ఈ పరిస్థితిలో కాకతీయుల కింద పనిచేసిన నాయకులు కొందరు ఏకమయ్యారు. వారిలో ముందు నిలిచినవాడు ముసునూరి ప్రోలయ నాయకుడు. ఆయన తరువాత ముసునూరి కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి స్వాధీనం చేసుకొన్నాడు. ఈ కూటమిలో దక్షిణ తీరాంధ్రం వైపు నుండి ప్రముఖ పాత్ర వహించినవాడు ప్రోలయ వేమారెడ్డి. ప్రోలయ నాయకుడు, ప్రోలయ వేమారెడ్డి అనే పేర్లలోని పోలిక వల్ల విద్యార్థులు ఇద్దరినీ ఒక్కరిగా పొరబడుతుంటారు. ఒకరు ముసునూరి వంశీయుడు, మరొకరు పంట రెడ్ల వంశీయుడు. ప్రోలయ అనేది వేమారెడ్డి తండ్రి పేరు.

రాజ్యస్థాపన

వేమారెడ్డి సోదరులు ఐదుగురు. మాచారెడ్డి, వేమారెడ్డి, దొడ్డారెడ్డి, అన్నారెడ్డి, మల్లారెడ్డి అని వారి పేర్లు. వీరిలో మల్లారెడ్డి అన్నకు సేనాపతి. రాజ్య విస్తరణలో చాలా భాగం ఈ తమ్ముని ఖడ్గం మీదే ఆధారపడింది. ఆయన విజయాలలో ముఖ్యమైనది మోటుపల్లి రేవును స్వాధీనం చేసుకోవడం. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఈ రేవులోనే విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. 13వ శతాబ్ది చివరలో మార్కో పోలో దీనిని గురించి వ్రాశాడు. ఇటువంటి రేవు చేతికి రావడం కొత్త రాజ్యానికి ధనాన్ని సమకూర్చింది. కొండ మీద మెట్లు కట్టడానికి కావలసిన ధనం సముద్రపు ఒడ్డున పుట్టిందనుకోవడం తప్పుకాదు.

రాజ్యం తూర్పున సముద్రం, పడమట శ్రీశైలం అడవుల మధ్య విస్తరించింది. దక్షిణాన నెల్లూరు సీమ వైపు ఒక కొత్త శక్తి పెరుగుతూ ఉంది. 1336లో స్థాపితమైనదిగా చెప్పబడే విజయనగరం 1340ల నాటికి ఉదయగిరిలో పాదం మోపింది. ఉత్తరాన 1347లో బహమనీ రాజ్యం ఏర్పడింది. ఈ రెండు పెద్ద రాజ్యాల నడుమ, కోటలు తప్ప వేరే అండలేని ఒక చిన్న రాజ్యాన్ని ఇరవై ఎనిమిదేళ్ళు నిలబెట్టుకొని కొడుకుకు అప్పగించగలగడం సామాన్యమైన విషయం కాదు. కొండవీడు, వినుకొండ, బెల్లంకొండ వంటి గిరిదుర్గాలకు రెడ్డిరాజుల చరిత్రలో ఉన్న ప్రాముఖ్యం ఇక్కడి నుండే మొదలయింది.

పాలన, దానాలు

వేమారెడ్డి శివభక్తుడు. శ్రీశైల మల్లికార్జునుడు ఆయనకు ఆరాధ్యదైవం. శిథిలమైన ఆలయాలను బాగుచేయించడం, దండయాత్రల కాలంలో అన్యాక్రాంతమైన అగ్రహారాలను తిరిగి పండితులకు ఇవ్వడం ఆయన పాలనలో ప్రధానంగా కనిపిస్తాయి. భూదానంలో పరశురామునితో పోల్చే బిరుదు ఆయనకు ఉంది. కృష్ణ, గుండ్లకమ్మ తీరాలలో ఆయన చాలా అగ్రహారాలను ఇచ్చాడు. హేమాద్రి తన ధర్మశాస్త్ర గ్రంథంలో చెప్పిన దానాలన్నింటినీ ఆయన చేశాడని ప్రసిద్ధి.

ఈ దానాలను కేవలం పుణ్యకార్యాలుగా చూస్తే వాటి వెనుక ఉన్న రాజనీతి కనబడదు. అప్పటికి రెడ్లు పాలకవంశం కాదు, వ్యవసాయం, సైనికవృత్తి కలిసిన కుటుంబాలు. రాజుగా గుర్తింపు పొందడానికి రాజులు చేసే పనులు చేసి చూపించవలసి ఉంది. అయితే రాజులందరూ చేసే పనులలో ఆలయం కట్టించడం ఒకటి, ఆలయానికి పోయే దారి కట్టించడం మరొకటి. ఆలయం ఎవరు కట్టించారో శిల మీద చెక్కి ఉంటుంది, వచ్చినవారందరూ చూస్తారు. అడవి మధ్యలోని మెట్టు మీద పాదం మోపేవాడు దానిని ఎవరు వేశారని అడగడు. అంత కనబడని పనిని రెడ్డిరాజుల శాసనాలలోని ప్రశస్తి ఆయన గొప్పతనాలలో ఒకటిగా, శ్రీశైల అహోబలాలకు సోపానాలు నిర్మించినవానిగా పేర్కొనడం గమనించదగిన విషయం.

శ్రీశైలం దారి - వేమారెడ్డికి ముందు

నల్లమల కొండలలో, కృష్ణానదికి కుడి ఒడ్డున, సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తున శ్రీశైలం ఉంది. ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఒకటిగా, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటిగా ఎంతో ప్రాచీన కాలం నుండి యాత్రాస్థలం. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు ఉన్నట్లు సంప్రదాయం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. యాత్రికుడు తన ఊరు ఉన్న దిక్కును బట్టి ద్వారాన్ని ఎంచుకొనేవాడు. అద్దంకి, మోటుపల్లి ప్రాంతాల నుండి వచ్చేవారికి త్రిపురాంతకం దగ్గర. నెల్లూరు తీరంలోని చిట్టమూరు, వాకాడు వంటి ఊళ్ళ నుండి చూస్తే, రాపూరు కనుమల మీదుగా వెలిగొండలు దాటి, పెన్నానది ఒడ్డున ఉన్న సిద్ధవటం చేరడం అనువైన దిక్కు.

ద్వారం చేరడంతో ప్రయాణం పూర్తయినట్లు కాదు. అక్కడి నుండి రోజులకొద్దీ అడవిలో నడవాలి. పులులు, ఎలుగుబంట్లు, దొంగల భయం, మన్యపు జ్వరం, అన్నింటికీ మించి నీటి ఎద్దడి. మాఘ మాసంలో శివరాత్రి, చైత్రంలో ఉగాది వస్తాయి. అప్పటికి వాగులు చాలావరకు ఎండిపోతాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో ఈ యాత్రను విస్తారంగా వర్ణించాడు. భక్తులు గుంపులుగా నడవడం, ఒకరికొకరు తోడు కావడం, దారిలో పడే కష్టాలు అందులో ఉన్నాయి. వేమారెడ్డి మెట్లు కట్టించే నాటికే ఈ దారి బాగా నలిగినదని దీనిని బట్టి తెలుస్తుంది. కొత్త దారి తీయడం కంటే, శతాబ్దాలుగా జనం నడుస్తున్న దారిలో ప్రాణాపాయం కలిగించే చోట్లను బాగుచేయడమే ఆయన చేసిన పని.

ఈ అడవిలో అంతకు ముందునుండీ నివసిస్తున్నవారు చెంచులు. యాత్రికులకు దారి చూపడం, సామాను మోయడం, దొంగల నుండి, మృగాల నుండి కాపలా కాయడం వారు తరతరాలుగా చేస్తూ వచ్చారు. మల్లికార్జునుడు చెంచు యువతిని వివాహమాడాడనే గాథ ఉంది. అందుచేత ఆయనను చెంచు మల్లయ్య అని కూడా పిలుస్తారు. రాజులు కట్టించిన మెట్లకు శాసనాలు, బిరుదులు సాక్ష్యంగా ఉన్నాయి. దారిని ఏటేటా కాపాడిన చెంచుల పనికి అటువంటి సాక్ష్యం లేదు. కానీ వారు లేకుండా ఈ దారి చరిత్ర వ్రాయడం సాధ్యం కాదు.

శ్రీశైలం మెట్లు

వేమారెడ్డి కట్టించినవిగా ప్రసిద్ధి పొందిన మెట్లు ఆత్మకూరు వైపు నుండి వచ్చే కాలిబాటలో ఉన్నాయి. ఈ బాట వెంకటాపురం దగ్గర అడవిలో ప్రవేశించి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుతుంది. మొత్తం దూరం సుమారు 40 కిలోమీటర్లు. నాగలూటిలో వీరభద్రస్వామి ఆలయం ఉంది. ఇక్కడి నుండి కొండ ఎక్కడం మొదలవుతుంది. మజిలీల పేర్లను గమనిస్తే చెరువు, బావి, కొలను అని అన్నీ నీటి పేర్లే. నాగలూటి పేరులో కూడా ఊట అనే మాట వినబడుతుంది. నీరు ఉన్న చోటు నుండి నీరు ఉన్న మరొక చోటికి ఈ బాట సాగుతుంది. మెట్లు వేసినవారు ఈ క్రమాన్ని మార్చలేదు.

ఈ దారిలో అన్నింటికంటే కష్టమైన చోటు భీముని కొలను. ఇక్కడ పీఠభూమి ఒక్కసారిగా తెగి లోతైన లోయ అడ్డు వస్తుంది. అటు నుండి వచ్చిన యాత్రికుడు లోయలోకి పూర్తిగా దిగి, మళ్ళీ ఎదురుగా ఉన్న కొండను పూర్తిగా ఎక్కాలి. ఎక్కిన తరువాత కైలాసద్వారం. అక్కడి నుండి శ్రీశైలం దగ్గరే. రెండు మూడు రోజులు నడిచి అలసిన కాళ్ళతో, నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో ఈ లోయను దాటవలసి ఉండేది. జారితే పట్టుకొనే ఆధారం ఉండదు. రాతిమెట్లు కావలసింది ఇక్కడే, అవి ఉన్నదీ ఇక్కడే.

కొండదారిలో మెట్టు ఎందుకు అవసరమో కొంత వివరించాలి. నడిచే మనిషి కంటే వాననీరు దారికి ఎక్కువ హాని చేస్తుంది. పాదాలు తొక్కిన చోట గడ్డి చచ్చి, మట్టి గట్టిపడి, చిన్న గాడి ఏర్పడుతుంది. వర్షాకాలంలో నీరు ఆ గాడిని పట్టుకొని పరుగెడుతుంది. ఒకటి రెండు వానలకు దారి వాగుగా మారుతుంది. అప్పుడు జనం ఆ గాడిని విడిచి పక్కనుండి నడుస్తారు, అక్కడ మరొక గాడి పడుతుంది. వాలు ఎక్కువయినకొద్దీ ఈ నష్టం వేగంగా జరుగుతుంది. రాతిమెట్టు రెండు పనులు చేస్తుంది. వాలును చిన్న చిన్న చదునులుగా విడగొట్టి నీటి వేగాన్ని తగ్గిస్తుంది, నడిచేవారి పాదం ఎక్కడ పడాలో నిర్ణయించి దారి పక్కలకు విస్తరించకుండా ఆపుతుంది.

నల్లమలలోని రాయి ఈ పనికి అనుకూలమైనది. భూగర్భ శాస్త్రజ్ఞులు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అని పిలిచే గట్టిరాయి ఇక్కడి కొండల పైభాగంలో పొరలు పొరలుగా ఉంటుంది. అటువంటి రాయి ఎండకు వానకు తొందరగా అరగదు, పలకలుగా చీలుతుంది. ఈ ప్రాంతంలో గట్టిరాతి పొరలతోపాటు మెత్తని పలకరాతి పొరలు కూడా ఉన్నాయి. మెత్తని పొర నీటికి కరిగి కొట్టుకుపోతే పైనున్న గట్టిరాయి ఆధారం లేక కూలుతుంది. కాబట్టి ఒకసారి వేసిన మెట్లు శాశ్వతంగా ఉంటాయనుకోవడానికి వీలులేదు. ఒక్క మెట్టు కదిలి, కింద మట్టి జారిపోతే దాని పైన ఉన్న మెట్లు వరుసగా వదులవుతాయి. వర్షాకాలం తరువాత, యాత్రకు ముందు, ఎవరో ఒకరు వెళ్ళి కదిలిన రాళ్ళను సర్ది, సందులలో చిన్నరాళ్ళు దూర్చి, మధ్యలో మొలిచిన చెట్లను తీసివేయాలి. వేర్లు రాతిని లేపినంతగా ఏనుగులు కూడా లేపలేవు.

ఆరున్నర శతాబ్దాలకు పైగా గడిచినా ఈ మెట్ల మీద జనం నడవగలుగుతున్నారంటే నడుమ ఎన్నోసార్లు మరమ్మతులు జరిగి ఉండాలి. ఈనాడు కనిపించే ప్రతి రాయీ వేమారెడ్డి కాలం నాటిదేనని అనుకోవడం పొరపాటు. దారి ఆయనది, రాళ్ళు తరతరాలవి.

అహోబిలం

శ్రీశైలంతో పాటు అహోబిలానికి కూడా వేమారెడ్డి మెట్లు కట్టించాడు. నల్లమలలోనే దక్షిణంగా ఉన్న ఈ క్షేత్రంలో నరసింహస్వామి తొమ్మిది రూపాలలో పూజలందుకొంటాడు. దిగువ అహోబిలం నుండి ఎగువ అహోబిలం సుమారు ఎనిమిది కిలోమీటర్లు. మిగిలిన నరసింహ ఆలయాలలో కొన్ని కొండచరియల మీద, వాగుల పక్కన ఉండి నేటికీ కాలినడక తప్ప మార్గం లేనివి. శివభక్తుడైన రాజు శ్రీశైలానికి మెట్లు కట్టించడంలో వింత లేదు. వైష్ణవ క్షేత్రమైన అహోబిలానికి కూడా కట్టించడం ఆయన దృష్టిని తెలియజేస్తుంది. వీరశైవం, వైష్ణవం ఒకదానితో ఒకటి తలపడుతున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు.

ఎఱ్ఱాప్రగడ

శివకేశవుల మధ్య భేదం చూడని ఈ ధోరణి ఆస్థానకవిలో కూడా కనిపిస్తుంది. శంభుదాసుడు, ప్రబంధ పరమేశ్వరుడు అనే బిరుదులు గల ఎఱ్ఱాప్రగడ అహోబల నరసింహుని కథను నృసింహ పురాణంగా వ్రాసి ఆ స్వామికే అంకితమిచ్చాడు. హరివంశాన్ని వేమారెడ్డికి అంకితమిచ్చాడు. ఆయన వ్రాసిన రామాయణం నేడు లభించడం లేదు. నన్నయ వదిలిపెట్టిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి ఆంధ్ర మహాభారతాన్ని సంపూర్ణం చేసినవాడు కూడా ఈయనే. ఆ పూరణలో తన పేరు చెప్పుకొనక, నన్నయ పోషకుడైన రాజరాజ నరేంద్రునికే అంకితమిచ్చినట్లు వ్రాశాడు. పూర్వులు సగంలో వదిలిన పనిని వారి పేరు మీదనే పూర్తిచేయడం ఆ కవి స్వభావం. పాత దారిని బాగుచేసిన రాజుకు తగిన కవి దొరికాడని చెప్పవచ్చు.

వారసులు

1353లో వేమారెడ్డి తరువాత ఆయన కుమారుడు అనపోతారెడ్డి రాజయ్యాడు. రాజధాని అద్దంకి నుండి కొండవీటికి మారింది. అద్దంకి మైదానంలోని ఊరు, కొండవీడు కొండమీది కోట. బహమనీలు, విజయనగర రాజులు ఇరువైపులా ఒత్తిడి చేస్తున్నప్పుడు ఈ మార్పు అవసరమయింది. 1358లో అనపోతారెడ్డి మోటుపల్లిలో వర్తకులకు రక్షణ కల్పిస్తూ, సుంకాలను నిర్ణయిస్తూ శాసనం వేయించాడు. బాబాయి మల్లారెడ్డి గెలిచిన రేవు అప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

అనపోతారెడ్డి తరువాత 1364లో తమ్ముడు అనవేమారెడ్డి రాజ్యానికి వచ్చాడు. ఈయన 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపాన్ని కట్టించాడు. వీరభక్తులు తమ అవయవాలను, శిరస్సును కూడా స్వామికి అర్పించే భయంకరమైన ఆచారానికి సంబంధించిన మండపం అది. తండ్రి యాత్రికులు ప్రాణాలతో చేరడానికి మెట్లు కట్టించగా, కొడుకు చేరినవారిలో కొందరు ప్రాణాలు అర్పించడానికి మండపం కట్టించాడు. రెండూ ఆ కాలపు భక్తిలో భాగాలే.

అనవేమారెడ్డి 1386లో మరణించిన తరువాత శ్రీశైల ప్రాంతం విజయనగరం చేతికి వెళ్ళింది. రెండవ హరిహరరాయల భార్య విఠలాంబ 14వ శతాబ్దం చివరలో ఆలయం నుండి కృష్ణానది వరకు, అంటే పాతాళగంగకు మెట్లు కట్టించింది. వేమారెడ్డి కొండ మీదికి రావడానికి మెట్లు వేయించగా, ఆమె కొండ నుండి స్నానానికి దిగడానికి మెట్లు వేయించింది. వంశాలు శత్రువులైనా పని ఒకటే. కొండవీటి రెడ్డి రాజ్యం 15వ శతాబ్దం మొదటి పాదంలో అంతరించింది. స్థాపకుని మరణం తరువాత సుమారు డెబ్బై ఏళ్ళు మాత్రమే అది నిలిచింది.

తరువాతి శతాబ్దాలలో దారి

విజయనగర కాలంలో శ్రీశైలానికి రాజపోషణ ఎక్కువగా లభించింది. 1515లో కృష్ణదేవరాయలు స్వయంగా వచ్చాడు. 1677లో శివాజీ ఇక్కడికి వచ్చాడు. ఆలయానికి ఉత్తర గోపురం ఆయన కట్టించినదని ప్రసిద్ధి. కాని 18వ శతాబ్దం నాటికి ఈ ప్రాంతం కర్నూలు నవాబుల అధీనంలో ఉంది. యాత్రకు వచ్చే ప్రతి ఒక్కరి వద్ద పన్ను వసూలు చేసేవారు. 1794లో కాలిన్ మెకంజీ శ్రీశైలాన్ని దర్శించాడు. ఆయన వ్రాసిన వివరణ ఆసియాటిక్ రీసెర్చెస్ సంపుటంలో అచ్చయింది. ఆలయ ప్రాకారపు గోడ మీది శిల్పాలను, అడవిలోని చెంచులను గురించి ఆంగ్లంలో వచ్చిన తొలి రచనలలో అది ఒకటి.

తెలుగులో ఈ దారిని గురించి మనకు దొరికే మంచి వివరణ ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రలో ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం మీదుగా వచ్చి శ్రీశైలం చూసి కాశీకి సాగాడు. మజిలీలలో నీరు దొరుకుతుందా, దిగడానికి చోటు ఉందా, దారి రాళ్ళదా, ఇసుకదా అని తన వెనుక వచ్చేవారికి పనికివచ్చేలా వ్రాయడం ఆ పుస్తకం ప్రత్యేకత. యాత్రికుల వద్ద నవాబు పన్ను తీసుకొంటున్నా ఆలయం బాగోగులు పట్టించుకోవడం లేదని అందులో తెలుస్తుంది. ఈ పుస్తకం 1838లో అచ్చయింది. వేమారెడ్డి కాలంలో రాజు ఖర్చుచేసి దారి వేస్తే, ఇప్పుడు ఆ దారి మీద నడిచినందుకు జనమే రాజుకు కడుతున్నారు.

1839లో కర్నూలు నవాబును తొలగించి ఈస్టిండియా కంపెనీ ఆ సంస్థానాన్ని కలుపుకొంది. 1840లో ఆలయ నిర్వహణను పుష్పగిరి పీఠానికి అప్పగించారు. 1929లో ఒక కమిటీ ఏర్పడింది. 1949లో ఆలయం దేవాదాయ శాఖ పరిధిలోకి వచ్చింది. ఈ కాలమంతా యాత్ర కాలినడకనే సాగింది. డోలీలలో వెళ్ళగలిగినవారు కొద్దిమంది మాత్రమే.

ఘాట్ రోడ్డు తరువాత

20వ శతాబ్దం ద్వితీయార్ధంలో దోర్నాల వైపు నుండి ఘాట్ రోడ్డు వచ్చిన తరువాత పరిస్థితి పూర్తిగా మారిపోయింది. 1963 జూలై 24న జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాడు. ఆనకట్ట పనుల కోసం రోడ్లు, నివాసాలు, వాహనాలు వచ్చాయి. బస్సులో కొన్ని గంటలలో కొండ చేరగలిగినప్పుడు, మూడు రోజులు అడవిలో నడవవలసిన అవసరం లేకపోయింది. కాలిబాట మీద రాకపోకలు ఏడాదిలో కొద్ది రోజులకు పరిమితమయ్యాయి. నడక తగ్గితే దారి మీద పొదలు త్వరగా పెరుగుతాయి. జనం తొక్కడం దారికి హాని చేస్తుందని పైన చెప్పుకొన్నాము, అసలు తొక్కకపోవడం కూడా హానే.

అయినా బాట పూర్తిగా మూసుకుపోలేదు. ఇందుకు ముఖ్యకారణం కర్ణాటక నుండి వచ్చే భక్తులు. మల్లికార్జునుని భార్య భ్రమరాంబను వారు తమ ఆడపడుచుగా భావించి, ఉగాదికి సారె తీసుకొని వస్తారు. వందల కిలోమీటర్లు నడిచి, ఆత్మకూరు, వెంకటాపురం మీదుగా వేమారెడ్డి మెట్ల దారినే కొండ చేరుకొంటారు. కొందరు కాళ్ళకు కర్రలు కట్టుకొని నడుస్తారు. శివరాత్రికి రాయలసీమ జిల్లాల నుండి శివస్వాములు ఇదే దారిలో వస్తారు.

ఈ అడవి 1978లో నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటింపబడి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. అందువలన మిగిలిన కాలాలలో ఇష్టం వచ్చినట్లు నడవడానికి వీలులేదు. అటవీశాఖ శివరాత్రికి, ఉగాదికి బాటను తెరుస్తుంది. యాత్రకు ముందు దేవస్థానం, అటవీశాఖ కలిసి పొదలు కొట్టించి, కూలిన చెట్లు తీయించి, మజిలీలలో నీటి తొట్లు, నీడ పందిళ్ళు, వైద్య శిబిరాలు ఏర్పాటు చేస్తాయి. దాతలు అన్నదానం చేస్తారు. ప్లాస్టిక్ చెత్త ఇటీవలి కాలపు సమస్య. రాతిమెట్లను సిమెంటుతో అతికించడం సులువుగా కనిపించినా, సిమెంటు కింద నీరు చేరి గుల్ల అయితే మెట్ల వరుస అంతా ఒకేసారి కదులుతుంది. పూర్వులు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన పద్ధతిలో నీరు సందులలో నుండి జారిపోయేది, కదిలిన ఒక్క రాయిని తీసి మళ్ళీ పెడితే సరిపోయేది.

పేరు విషయంలో గందరగోళం

రెడ్డిరాజుల వంశంలో వేమ అనే పేరు చాలామందికి ఉంది. ప్రోలయ వేముడు స్థాపకుడు. అనవేముడు ఆయన కుమారుడు. పెదకోమటి వేముడు ఆయన అన్న మాచారెడ్డి సంతతివాడు, శ్రీనాథుని పోషించిన రాజు. కాటయ వేముడు రాజమహేంద్రవరం రెడ్డి రాజ్యానికి సంబంధించినవాడు. జనం మాటలో వీరందరూ వేమారెడ్డిగానే మిగిలారు. శ్రీశైలం మెట్లను కూడా కొందరు అనవేమారెడ్డికి ఆపాదిస్తారు. వీరశిరోమండపం ఆయనది కావడం వలన ఈ పొరపాటు వచ్చి ఉంటుంది. శతకకర్త యోగి వేమన కొండవీటి రాజుల తమ్ముడనే కథ కూడా ప్రచారంలో ఉంది, దీనికి చారిత్రక ఆధారాలు లేవు.

రెడ్డి రాజ్యాల చరిత్రను శాసనాల ఆధారంగా సమగ్రంగా వ్రాసినవాడు మల్లంపల్లి సోమశేఖర శర్మ. ఆయన ఆంగ్ల గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. ప్రోలయ వేమారెడ్డి గురించి తరువాత వచ్చిన రచనలలో చాలావరకు ఆ గ్రంథం మీద ఆధారపడినవే.